నేతింటి ముందు సావిడి

మా సహకార సంఘం కార్యాలయానికి నూలు కొరకు, కూలి లెక్కల కొరకు వచ్చే సభ్యులు ఈ నాలుగైదు సంవత్సరాలుగా చంకలో చుట్టిన కాగితాలు కూడా తెస్తున్నారు. అవి ఇంటి ప్లానులు. "కార్యదర్శిగారూ, మీరు పది ఇళ్లు తిరిగినవారు, ఇదొకసారి చూడండి" అని బల్లమీద పరుస్తారు. మేము ఇంజనీర్లము కాము, మా చదువు మెట్రిక్యులేషన్‌తో ఆగినది. కాని నేతవారి ఇళ్లలో గుంట మొదలు అటక వరకు ఎరిగినవారము కనుక తోచినది చెబుతూ వచ్చాము. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు పత్రికాముఖంగా ఒకమారు చెప్పుట మేలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఒకప్పుడు పెంకుటిల్లు అంటే నామోషీగా ఉండేది. చేతిలో నాలుగు రూపాయలు ఆడిన ప్రతివారూ దూలాలు దింపి, అరుగు పగులగొట్టి, స్లాబు వేయించినారు. ఇప్పుడు గాలి తిరిగినది. బెంగుళూరులోనో పూణేలోనో ఉద్యోగాలు చేసే మన పిల్లలే "పాతకాలపు పద్ధతిలో కట్టించండి నాన్నా, స్తంభాలు ఉండవలె, చెక్కిన తలుపు ఉండవలె, ఉయ్యాలబల్ల ఉండవలె" అని డబ్బు పంపుతున్నారు. సంతోషమే. అయితే మా బల్లమీదకు వచ్చిన ప్లానులలో ఎక్కువ వాటిలో స్తంభాలు ఉన్నవి, ఉయ్యాల ఉన్నది, మగ్గం మాత్రం ముందు గదిలో లేదు. వెనుక వంటింటి ప్రక్కన కిటికీ లేని కొట్టులోకి పోయినది. రెండు ప్లానులలో అసలు ఇంటిలోనే లేదు. "పెరట్లో రేకుల పాక వేస్తాములెండి" అన్నారు. పాతకాలపు నేతిల్లు కట్టుతూ అందులోనుంచి మగ్గాన్ని గెంటివేస్తే మిగిలేది ఏమిటి?

మన ఇళ్ల ముందు గద్దెకు మనవారు ఉన్న చోటునుబట్టి పేర్లు మారినవి. కాంచీపురం, సేలం ప్రాంతాలలో పిల్లలు తిణ్ణె అంటారు. కన్నడ దేశంలో జగలి. షోలాపురంలో ఓటా, లోపలిది ఓసరి. మా బరంపురంలో ఒడియా ఇరుగుపొరుగువారితో కలిసి పిండా అనే మాట వచ్చి చేరినది. ముసలమ్మలు మాత్రం ఇంకా అరుగు అనే అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే. వీధిలో పోయేవాడు అడగకుండా కూర్చోదగిన చోటు అది. అక్కడ కూర్చున్నవాడికి ఇంటిలో మగ్గం చప్పుడు వినబడేది. తలుపు తెరిచి ఉంటే బట్టా కనబడేది.

మాకు బాగా తెలిసినది బరంపురం వీధి కనుక దానినే తీసుకుంటాము. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో చేరేవరకు మద్రాసు రాజధానిలోనే ఉండేది. మన దేవాంగులు అంతకు ఎన్నో తరాల ముందే అక్కడ పట్టు నేస్తూ స్థిరపడినారు. వీధికి అటూ ఇటూ ఇల్లు ఇల్లు ఆనుకొని, ప్రక్కగోడలు ఉమ్మడిగా, ముఖం ఇరుకుగా, లోతు బారుగా ఉంటుంది. అరుగు, గుమ్మం, ముందు సావిడి, నట్టిల్లు, వంటిల్లు, పెరడు అన్నీ ఒకే బారున వస్తాయి. ప్రక్కన కిటికీ పెట్టే వీలు లేదు. వెలుగూ గాలీ వచ్చేది ముందునుంచి, వెనుకనుంచి, పైనుంచి. పెద్దలు మగ్గాన్ని సావిడిలో పెట్టడానికి ఇది మొదటి కారణం. రెండవది, నూలు తెచ్చినవాడు, చీర కొననెంచినవాడు నట్టింటిలోకి అడుగు పెట్టకుండానే పని ముగించుకొని పోగలడు. మూడవది ఆడవారికి తెలుసు. మగ్గంమీద కూర్చున్న తల్లి అరుగుమీద ఆడే పిల్లను, వీధిలో వచ్చే కూరగాయల బండిని, బడినుంచి వచ్చే కొడుకును లేవకుండానే చూడగలదు. 2019–20 చేనేత లెక్కలలో మనదేశపు నేతపనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే అని తేలినది. వారు రోజుకు ఆరేడు గంటలు గడిపే చోటును చీకటి కొట్టులోకి తోయడం గృహాలంకారం అనిపించుకోదు.

రెండేండ్లకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణీ యాత్రకు బరంపురం వచ్చినవారికి ఇది చెప్పనక్కరలేదు. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్లుగా మన నేతవారి వీధికి, దేశిబెహరా వీధిలో వేసిన పందిరికి వస్తుంది. ఆ దినాలలో ప్రతి ఇంటి అరుగూ కడిగి ముగ్గు పెడతారు. ఘటాలు వీధిలోకి వచ్చే రాత్రి ఇంటివారందరూ నిలబడేది అరుగుమీదనే. పండుగకు వచ్చిన ఆడబడుచులకు పడకలు వేసేది సావిడిలోనే, మగ్గానికి ప్రక్కన చాపలు పరచి.

ఈ మధ్య మా సభ్యులలో ఒక కుటుంబం ఇల్లు తిరిగి కట్టదలచినది. అన్నదమ్ములు ఇద్దరు. అన్న, అతని భార్య ఇక్కడే నేస్తారు. తమ్ముడు సూరత్ మరమగ్గాలలో పనిచేసి మిగిల్చిన డబ్బు పంపుతాడు. ప్లాను అతని ఖర్చుతో గీయించినది. ముందు గది అంతా నాలుగు స్తంభాలు, సోఫాలు, గోడకు చెక్కడపు పని. మగ్గం వెనుకకు పోయినది. ఎందుకని అడిగితే, "అన్న కూతురికి సంబంధాలు చూస్తున్నాము. పెండ్లివారు గుమ్మంలోకి వస్తూనే గుంట మగ్గం కనబడితే చులకన అవుతాము" అన్నాడు. అన్న ఏమీ అనలేదు. డబ్బు తమ్ముడిది. వదిన మాత్రం, "ఏం బాబూ, ఆ పెండ్లికూతురు కట్టే పట్టుచీర సోఫామీద మొలుస్తుందా?" అన్నది. నవ్వులాటగా అన్నా అందరం కొంతసేపు మాట్లాడలేకపోయినాము.

తమ్ముడి మాటలో ద్వేషం లేదు. పరాయి ఊళ్లో మరమగ్గం ప్రక్కన నిలబడి సంపాదించినవాడికి తన ఇల్లు నలుగురిలో గౌరవంగా కనబడవలెనన్న కోరిక ఉండదా? అందుకే ఆ ప్లానును కొట్టివేయమని మేము చెప్పలేదు. మగ్గాన్ని ముందు ఉంచి కూడా పెండ్లివారిని దర్జాగా కూర్చోబెట్టే విధంగా సావిడిని దిద్దవచ్చునని కాగితంమీద గీసి చూపినాము. ఆ గీసినదే ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట ఎత్తు. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ప్లాను గీసేవారు అన్నిటికన్నా తక్కువ పట్టించుకొనేది ఇదే. మన పాత వీధులలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైన పొర వేస్తారు. ఇరవై ముప్పై ఏండ్లకు రోడ్డు పైకి, ఇల్లు క్రిందికి అయిపోతుంది. వానపడితే వీధి నీరు మొదట వెదకేది మగ్గం గుంటనే. మగ్గం గుంట సుమారు 2 అడుగుల లోతు ఉంటుంది. కాబట్టి సావిడి నేల నేటి రోడ్డుకన్నా 2½ అడుగులు, అంటే 30 అంగుళాలు ఎత్తున ఉంటే గుంట అడుగుభాగం కూడా రోడ్డుకు పైనే నిలుస్తుంది. గుంట చుట్టూ ఇటుక కట్టి సిమెంటు పూసి, అంచును నేలకన్నా 2 అంగుళాలు లేపవలెను. ఇల్లు కడిగిన నీరు అప్పుడు లోపలికి జారదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలి మా జిల్లామీదుగా పోయినది. అటువంటి రోజు మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు.

ఈ 30 అంగుళాలను ఒక్కసారిగా ఎక్కించరాదు. ఇక్కడే అరుగు అక్కరకు వస్తుంది. వీధినుంచి 6 అంగుళాల మెట్లు మూడు, అక్కడ 18 అంగుళాల ఎత్తున అరుగు. అరుగునుంచి మరి రెండు మెట్లు, ఆ పైన గుమ్మం. 18 అంగుళాలు కూర్చోవడానికి సరియైన ఎత్తు. వీధిలో నిలబడినవాడు మూట దించుకోవడానికి కూడా సరిపోతుంది. అరుగు వెడల్పు 3 అడుగులకు తగ్గకూడదు, వీధివైపు ఒక అంగుళం వాలు ఉండవలెను. మెట్టు వెడల్పు 11 అంగుళాలు. ముసలివారికొరకు ఒక ప్రక్క పట్టుకొనే కమ్మీ పెట్టించండి, పాత ఇళ్లలో లేదు గదా అనవద్దు. చక్రాల కుర్చీకి ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలుదారి కావలెను. వీధివైపు అంత చోటు ఉండదు, పెరటి దారి ఉంటే అటు చూసుకోవలె. మరొక్క మాట. అరుగు మీ స్థలంలోనే ఉండవలెను. తాతలనాడు వీధిలోకి జరిపి కట్టినదానిని చూపి తిరిగి అక్కడే కట్టితే మునిసిపాలిటీవారు పడగొట్టిననాడు మా వద్దకు వచ్చి ప్రయోజనం లేదు.

చెప్పులు అరుగుమీదనే ఆగిపోవలెను. ఇది మడి కొరకు కాదు. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి కళ్లు నేలకు రెండు మూడు అడుగుల ఎత్తులోనే ఉంటాయి. పడుగు ఇంకా క్రింద ఉంటుంది. గుమ్మం దాటి వచ్చినవాడి కాలి దుమ్ము తిన్నగా పడుగుమీదకే పోతుంది. అరుగు గోడలో చెప్పులకు ఒక గూడు, ప్రక్కన కాళ్లు కడుగుకొనే కుళాయి పెడితే ఇంటికి వచ్చినవారికి మర్యాద, పడుగుకు రక్షణ.

అదే కారణంచేత సావిడిలో అతిథి కూర్చొనే ఆసనం పల్లంగా ఉండవలెను. నేసే మనిషి గుంటలో, వచ్చినవాడు ఎత్తైన సోఫాలో కూర్చుంటే మాట పైనుంచి క్రిందికి పడుతుంది. కూలీతో మాట్లాడినట్లు ఉంటుంది. అడుగు ఎత్తున్న వెడల్పాటి చెక్క బల్ల వేసి దానిపై జంపఖానా పరచండి. ఇద్దరి చూపూ దాదాపు ఒక మట్టానికి వస్తుంది. ఆ బల్ల 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటే దానిమీదనే చీర కొంగు, అంచు విప్పి చూపవచ్చును. పెండ్లివారు వచ్చిననాడు అదే బల్ల సోఫాకన్నా నిండుగా కనబడుతుంది. మోకాళ్ల నొప్పులవారికి రెండు కుర్చీలు ఒక ప్రక్కన ఉంచుకోండి.

ఇక వెలుగు. ఇరుకు సావిడిలో పడుగు లోతువైపు బారుగా పోతుంది. నేసేవారు వీధికి ఎదురుగా కూర్చుంటే ఎండ వెలుగు కళ్లలో కొడుతుంది, వీపు పెట్టి కూర్చుంటే తన నీడ తన బట్టమీదనే పడుతుంది. ప్రక్క కిటికీకి ఉమ్మడి గోడ అడ్డం. పెద్దలు దీనికి కనిపెట్టిన ఉపాయం గాజు పెంకు. మగ్గానికి సరిగా పైన, కొంచెం ప్రక్కగా మూడు నాలుగు గాజు పెంకులు వేస్తే నేతపడే చోటికి పైనుంచి వెలుగు దిగుతుంది. స్లాబు వేసేవారు అదే చోట 2 అడుగుల చతురస్రపు సందు వదలి, చుట్టూ గట్టు లేపి, గట్టి గాజు బిగించుకోవచ్చును. మధ్యాహ్నపు ఎండ తిన్నగా పడితే రంగు వెలుస్తుంది, పడుగు ఎండి పోగు తెగుతుంది. అందుకు దాని క్రింద పలుచని తెల్ల మల్లు గుడ్డ బిగించండి. ఆ గుడ్డకు మనం ఎవరి కొట్టుకూ పోనక్కరలేదు. మూల ఇల్లు అయి, ఉత్తరపు గోడ తమదే అయినవారు అదృష్టవంతులు. ఉత్తరపు వెలుగు ఉదయంనుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు, రంగు ఉన్నది ఉన్నట్లు చూపుతుంది. పడమటి కిటికీ వద్దు.

ఇప్పుడు ముందు తలుపులకు రంగురంగుల అద్దాలు పెట్టే వేడుక వచ్చినది. అందంగానే ఉంటాయి. కాని ఎర్ర అద్దం వెలుగులో చూసి కొన్న ఆకుపచ్చ చీర ఇంటికి పోయి వేరు రంగుగా తేలితే కొన్నవాడు మనలను మోసగాడు అంటాడు. గోడలకు కూడా అంతే. పచ్చ గోడ తెల్ల బట్టకు పచ్చ చాయ పూస్తుంది. నేతింటి సావిడికి సున్నపు తెలుపుకన్నా మించిన రంగు లేదు. అలంకారం కావలెనంటే నడుము ఎత్తు వరకు కావిరంగు పట్టీ చాలు. దీపాలూ రెండు రకాలుగా పెట్టుకోండి. అతిథికి పసుపు వెలుగు, మగ్గంమీద పగటి వెలుగును పోలిన తెల్లటి ఎల్.ఇ.డి. పసుపు దీపం క్రింద ఒకటిగా కలిసిన రెండు పోగులు పగలు చూస్తే రెండు రంగులుగా విడిపోవడం మనలో అనుభవం లేనివారు ఎవరు? పంకా అతిథి బల్లపైన వేయండి, మగ్గంపైన వద్దు. పొడిగాలికి నూలు పోగు పెళుసెక్కుతుంది.

నేలకు అద్దంవంటి టైల్సు వేసి తడికాళ్లతో జారిపడినవారిని మేము ముగ్గురిని చూచినాము. ఎర్రకావి కలిపి నునుపుగా రుద్దిన సిమెంటు గచ్చు చవక, చల్లన, పట్టుపోగు పట్టుకోదు. షోలాపురంవారికి షాబాదు రాయి దగ్గర, అది ఇంకా మంచిది. కారైకుడి ప్రక్కన ఆత్తంగుడిలో గాజు పలకపై రంగు సిమెంటు పోసి చేతితో చేసే పలకలు తమిళనాడు సోదరులకు అందుబాటులో ఉన్నవి. చేతిపనివారి సరుకు చేతిపనివారు కొనుట మాకు ఇష్టమే. సావిడి అంతా కాకపోయినా బల్ల ముందు ఒక తివాచీ మేరకు వేయించుకొనవచ్చును.

ఇక స్తంభాల సంగతి. అందరూ మొదట అడిగేది ఇదే, మేము చివరకు ఉంచినాము. పాత ఇళ్లలో స్తంభం అరుగుమీది చూరును మోయడానికి ఉండేది. చూరు మూడడుగులు ముందుకు వస్తేనే వాన గుమ్మాన్ని తడపదు. చెక్క స్తంభం క్రింద రాతి దిమ్మె ఉండేది చెదను, చెమ్మను ఆపడానికి. ఏమీ మోయని సిమెంటు స్తంభాలు నాలుగు సావిడి నడుమ నిలబెట్టి, వాటికి పైన క్రింద పూలు అంటించితే పాత పద్ధతి కాదు, నాటకం తెర. అరుగు అంచున రెండు చాలు. కారైకుడిలో పడగొట్టిన పెద్ద ఇళ్ల టేకు స్తంభాలు, తలుపులు అమ్ముతారు. కొనేవారు పై రంగు చూసి మోసపోక అడుగుభాగాన్ని సుత్తితో తట్టి డొల్ల చప్పుడు వస్తుందేమో వినవలెను. అయితే మీ పాత ఇంటి తలుపు గట్టిగా ఉంటే దానికి మించినది బజారులో దొరకదు. పాత గుమ్మం పొట్టిదైతే పైన గాలికి ఒక కటకటాల వరుస కలిపి ఎత్తు పెంచుకోవచ్చు.

ఎత్తు పెంచమనడానికి మరో కారణం ఉన్నది. జాకార్డు పెట్టుకొన్నవారి మగ్గం పైకి పెరుగుతుంది. కప్పు పొట్టిగా కట్టి, తరువాత జాకార్డు పట్టక బాధపడినవారు ఉన్నారు. వెడల్పు కూడా అంతే. సావిడి లోపలి వెడల్పు 12 అడుగులు ఉంటే మగ్గానికి, నాడె ఆడే చోటుకు 7 అడుగులు పోయి నడవకూ బల్లకూ 5 అడుగులు మిగులుతుంది. నడుమ గోడ కట్టవద్దు. నడుము ఎత్తు చెక్క కటకటాలు పెడితే నడిచే పిల్లలు గుంటలో పడరు, నేసే ఆడవారికి కొంత మరుగూ ఉంటుంది, బట్ట మాత్రం కనబడుతుంది. మగ్గం ఆడని రోజు గుంటపై పలక మూత వేయవలెను.

ఈ కొలతలు అన్ని ఊళ్లకూ యథాతథంగా అతకవు. షోలాపురం వాడాలలో వీధివైపు పెద్ద దర్వాజా, దానిలో చిన్న దిండీ తలుపు, లోపల చౌకు చుట్టూ ఓసరి. అక్కడ మగ్గానికీ అతిథికీ ఓసరే సరియైన చోటు, వెలుగు చౌకునుంచి వస్తుంది, ఎండకాలపు వేడికి లావు గోడలు మేలు. యానాం గోదావరి ఒడ్డు. 1996 నవంబరు 6 తుపానును చూచినవారికి పునాది ఎత్తు గురించి మేము చెప్పవలసినది లేదు. అక్కడ 30 అంగుళాలు చాలవు, గుంట మాని నిలువు చట్రపు మగ్గం వేసుకొనుటే క్షేమం.

పైన చెప్పిన అన్నదమ్ముల ఇల్లు ఇంకా పునాదిలో ఉన్నది. మగ్గం ముందుకు వచ్చినది. స్తంభాలు రెండుకు తగ్గినవి. సోఫా సంగతి తేలలేదు, దసరాకు తమ్ముడు వచ్చినప్పుడు చూద్దామని వదిలినారు. గుంట కొలతలు మాత్రం వదినగారు తన కాలు కొలిచి తానే మేస్త్రికి చెప్పినది.

మా కార్యాలయానికి ప్లాను తెచ్చే సభ్యులు ఇకముందు నాలుగు కొలతలు కాగితంమీద వ్రాసి తేవలెనని కోరుతున్నాము: మగ్గం పొడవు, వెడల్పు, జాకార్డుతో సహా ఎత్తు, గుంట లోతు. దానితోపాటు రోడ్డుకూ నేటి ఇంటి నేలకూ ఉన్న తేడా. ఇంటిలో మగ్గంమీద కూర్చొనేవారు ఎవరో వారినీ వెంట తీసుకొనిరండి. నూలు ఇచ్చే రోజులలో తీరిక ఉండదు, తక్కిన రోజులలో సాయంత్రం 4 గంటల తరువాత చూస్తాము.